పన్నెండు సెంటీమీటర్ల ఆనకట్ట

పోలినాయుడు ముప్ఫై ఒక్క ఏళ్లు సర్కారువారి రిజర్వాయరు మీద లస్కరుగా పనిచేశాడు. లస్కరు పనల్లా తూము తలుపులు ఎత్తడం, దించడం, రోజూ కట్ట పొడవునా నడవడం, పందికొక్కు బొక్క పెట్టినా తుమ్మమొక్క మొలిచినా పైవాళ్లకు చెప్పడం. పైవాళ్లు దాన్ని ఇంకా పైవాళ్లకు చెప్తారు. ఈలోగా పోలినాయుడే పలుగూ పారా పట్టుకుని బొక్క పూడ్చేసేవాడు. అలా ఆ రిజర్వాయరు ముప్ఫై ఒక్క ఏళ్లు క్షేమంగా ఉంది.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే కాళ్లు పీకుతున్నాయని, ఊరికి ఎగువనున్న హంసధార విహార సంఘంలో కట్ట కాపలాకు కుదిరాడు. పట్నంలోని అరవైమంది పెద్దమనుషులు కలిసి కొండ కింద ప్లాట్లు కొనుక్కుని, షికారుకు నీళ్లుంటే బాగుంటుందని చింతగెడ్డ అనే వాగుకు అడ్డంగా మట్టికట్ట వేయించుకున్నారు. దాని వెనక ఎనిమిదెకరాల నీరు నిలిచింది. నీటి మీద హంస ఆకారంలో తొక్కుడు పడవలు ఆరుండేవి. వాటిలో రెండింటికి మెడలు లేవు. కట్ట మీద నడక దారి, దారి పక్కన నల్లరాతి బెంచీలు, ప్రతి బెంచీ మీదా దాత పేరు, దాత తండ్రి పేరు.

కట్టకు దిగువన అర కిలోమీటరు దూరంలో గెడ్డవాడ. నలభై రెండు ఇళ్లు, ఒక బడి. మూడో ఇల్లు పోలినాయుడిది. బళ్లో మధ్యాహ్నం వంట చేసేది అతని పెళ్లాం ఎర్రయ్యమ్మ.

శ్రావణం రెండో వారంలో ఒక పొద్దున్న, కట్ట దిగువ అంచున నడుస్తుంటే పోలినాయుడి అరికాలికి చల్లగా తగిలింది. గడ్డి విడదీసి చూశాడు. పళ్లెమంత మేర తడి, దాని నడుమ వేలెడు ఊట. నీరు తేటగానే ఉంది. మట్టికట్ట అన్నాక కాస్త ఊరక తప్పదు కదా అని రోజూ చూసి వస్తున్నాడు. నాలుగో నాటికి నీటికి మట్టి రంగు తిరిగింది. దోసిట్లో పట్టి, పైపంచె కొసలోంచి వడగడితే బట్ట మీద గంధంలా మెత్తని మట్టి మిగిలింది.

నీళ్లు ఒంటరిగా వస్తే భయం లేదు. మట్టిని వెంటబెట్టుకు వస్తున్నాయంటే కట్ట లోపల దారి తవ్వుకుంటున్నాయన్నమాట. ఆ దారి ఎగువ నీటిని తాకిన రోజున కట్టకు కబురు పంపే తీరిక కూడా ఉండదు.

తలపాగా తీసి చేత్తో పట్టుకుని తిన్నగా సంఘం కార్యదర్శి మృత్యుంజయరావుగారి దగ్గరికి వెళ్లాడు. ఆయన సబ్ రిజిస్ట్రారుగా చేసి రిటైరైన మనిషి. లక్ష ఎకరాల భూమిని కాగితం మీద చేతులు మార్చారు గానీ చెప్పు విడిచి నేల తొక్కిన పాపాన పోలేదు.

"బాబూ, కట్ట కింద ఊటొస్తందండి."

"ఆ మాట నెమ్మదిగా అనవయ్యా!" అన్నారు మృత్యుంజయరావుగారు అటూ ఇటూ చూస్తూ. "తూర్పు బ్లాకులో ప్లాటు చూడ్డానికి జనం వచ్చారు."

"మడ్డినీరండి. లోపల బొక్కడిపోతంది. వోనలు ముదిరితే ఆగదు బాబూ."

"పోయినేడేగా రంగులు వేయించాం?"

"బెంచీలకేయించేరండి. కట్టకి కాదు."

కార్యదర్శిగారు విషయాన్ని తేలిగ్గా వదిలేసే రకం కాదు. ఆ ఆదివారమే కార్యవర్గాన్ని సమావేశపరిచారు. 'ఊట' అనే మాట మినిట్సులో ఎక్కితే ప్లాట్ల ధర పడుతుందని ముందు ఆ మాటను నిషేధించారు. ఆ పైన, 'కట్ట దిగువ భాగమున సహజసిద్ధమైన జలకళ ఆవిర్భవించినందులకు సంఘము హర్షము వెలిబుచ్చుచున్నది' అని తీర్మానించారు. ఒకావిడ అక్కడ కలువలు వేస్తే ఫొటోలకు బాగుంటుందని సూచించింది. చప్పట్లు కొట్టారు. పోలినాయుడికి కలువ దుంపలు తెచ్చే పని పడింది.

అతను దుంపలకని బయల్దేరి, దుంపల కోసం వెళ్లకుండా బస్సెక్కి జిల్లా కేంద్రంలో ఆనకట్టల పర్యవేక్షణ విభాగం మెట్లెక్కాడు. అక్కడి డీఈ పద్మనాభమూర్తిగారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర చాలనివాడిలా ఉంటారు. చెప్పిందంతా విని కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఎత్తెంత?"

"సంఘమోరి కాయితంలో నాలుగు మీటర్ల తొంభయ్యని ఉందండి."

"మా పరిధి ఐదు మీటర్ల నుంచి మొదలవుతుంది. ఐదు దాటితే ఆనకట్ట. దాటకపోతే, శాఖాపరంగా చూసినప్పుడు, అది నేల. కాస్త ఎత్తుగా ఉన్న నేల. నేల నుంచి నీరు ఊరితే దానిని ఊట అనలేం. చెమ్మ అనాలి. చెమ్మ మా విభాగం కాదు."

"తెగిపోతే ఏటండి?"

"తెగిన పిమ్మట అది వరద. వరద రెవెన్యూ వారిది."

"మా ఊళ్లో బడుందండి. మా ఆడది ఆ బళ్లోనే వొండుతాది."

పద్మనాభమూర్తిగారు లేచి తలుపు దగ్గరగా వేశారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఎత్తు విషయమై అనుమానం ఉందని ఒక అర్జీ పెట్టు. ఊట అని రాయకు. అనుమానం అని రాయి. అనుమానం మాత్రం మా పరిధిలోకి వస్తుంది" అన్నారు.

పోలినాయుడికి అనుమానమనే మాట రాయడానికి అరగంట పట్టింది.

వారం తిరక్కుండా కొలత బృందం దిగింది. డీఈగారు, ఆయన వెనక కొలబద్ద పట్టుకున్న ఇద్దరు, వాళ్ల వెనక గొడుగు పట్టుకున్న మృత్యుంజయరావుగారు. దిగువ అంచున నేల బాగా దిగిన చోట కొలబద్ద నిలబెట్టి, దూరంనుంచి పరికరంలో చూసి, అంకె చెప్పారు. ఐదు మీటర్ల పన్నెండు సెంటీమీటర్లు.

"ఇది ఆనకట్ట!" అన్నారు పద్మనాభమూర్తిగారు.

ఆ మాటకు కార్యదర్శిగారి చేతిలో గొడుగు వాలిపోయింది. పన్నెండేళ్లుగా దాని మీద వాకింగు చేస్తున్నారు గానీ అది ఆనకట్ట అని ఎవరూ ఆయనకు మొహం మీద చెప్పలేదు.

పోలినాయుడి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఊట కట్టించెయ్యొచ్చాండి?"

"వీల్లేదు. ఆనకట్ట అయింది గనక ముందు నమోదు కావాలి. నమోదు కాని ఆనకట్టకు మరమ్మతు చేయడం శిక్షార్హం. నమోదు కమిటీ మూడు నెలలకొకసారి కూర్చుంటుంది. మొన్ననే కూర్చుంది."

"అంటే కార్తీకంలోనాండి? అప్పటిదాకా?"

"అప్పటిదాకా యథాస్థితి. ఊట కూడా యథాస్థితిలోనే ఉండాలి. పెరిగితే సంఘం వారిదే బాధ్యత." అలా అని ఆయన నోటీసు చదివి వినిపించారు. సైరను పెట్టాలి. దిగువ జనానికి ప్రమాద సూచిక ఇవ్వాలి. కట్ట రెండు చివర్లా ఎర్రక్షరాలతో 'అపాయము' అని బోర్డులు కట్టాలి. ఇరవై ఒక్క రోజుల్లో ఇవన్నీ చేయాలి, లేదా ఇది ఆనకట్ట కాదని రుజువు చేయాలి.

ఆ రాత్రి కార్యవర్గంలో ఎవరికీ అన్నం సయించలేదని మర్నాడు సంఘం వంటమనిషి చెప్పాడు. ఊట గురించి కాదు, బోర్డు గురించి. ఎర్రక్షరాల బోర్డు పక్కన ప్లాటు ఎవడు కొంటాడు?

మృత్యుంజయరావుగారు నోటీసును మూడుసార్లు చదివి, నాలుగోసారి గెలిచారు. "అయ్యా, ఇబ్బందల్లా పన్నెండు సెంటీమీటర్లు. పైనుంచి ఒక్క అడుగు చెక్కేశామంటే కట్ట నాలుగు మీటర్ల ఎనభై. ఆనకట్ట గీనకట్ట ఏమీ ఉండదు!" అని సమావేశంలో ప్రకటించారు. బెంచీలు జరపాలా వద్దా అన్న దగ్గర కొంత వాగ్వాదం జరిగింది. చివరికి దాతల్ని నొప్పించకుండా బెంచీల కింద మట్టిని వదిలి, మిగతాది చెక్కాలని నిర్ణయమైంది.

పోలినాయుడు తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. నిండు వానాకాలంలో కట్ట తల తగ్గిస్తే ఒక్క పెద్ద వానకు నీళ్లు పైనుంచి దూకుతాయి. మట్టికట్ట మీంచి నీళ్లు దూకితే గంట నిలవదు. గట్టిగా అరవాలనిపించింది. కానీ ముప్ఫై ఒక్క ఏళ్లలో అతను ఒకటి నేర్చుకున్నాడు. పెద్దవాళ్లకు ప్రమాదమని చెప్తే బెదిరించావంటారు. సులువని చెప్తే చెవి ఒగ్గుతారు.

"బాబూ, ఒక మాట సెప్పమంటే సెప్తాను. తల నరుక్కోడమెందుకండి? కాళ్లు పూడ్సుకుంటే సరిపోద్ది కదా!"

"అంటే?"

"ఎత్తు కింద నేల కాడి నుంచి కొల్సినారు కదండీ. ఆ నేలే మూడడుగులు పైకొస్తే? కట్ట పొట్టిదైపోద్ది. బెంచీలూ కదలవు."

ముందుగా తేరుకున్నది మృత్యుంజయరావుగారు. "నేను ఆ మాటే అనబోతున్నాను" అన్నారు.

ఒక సభ్యుడు మాత్రం సందేహం వెలిబుచ్చాడు. "కట్టకు మరమ్మతు చేయకూడదని నోటీసులో ఉందే?"

"కట్టను తాకం కదా! పక్క నేలను చదును చేసుకుంటున్నాం. తోటపని. తోటపనికి ఎవడి అనుమతి?" అన్నారు కార్యదర్శిగారు. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఆయన గొంతులో పలికింది.

పోలినాయుడు ఇంకాస్త ముందుకు జరిగాడు. "మట్టొక్కటే పోస్తే తాజాగా పోసినట్టు కనిపెట్టేస్తారండి. నేలంటే పొరలుంతాయి కదా. ముందు ఏటి ఇసక, దాని మీద సన్న పిక్కరాయి, దాని మీద పెద్ద రాయి, ఆ పైన మట్టేసి గడ్డేసేమంటే, దేవుడేసిన నేల్లాగే ఉంతాది. ముక్కెమ్ముగా ఆ తడున్న కాడ ఒత్తుగా ఎయ్యాల. తడి కనబడితే మళ్లీ అడుగుతారు."

దేవుడేసిన నేల అన్న మాట అందరికీ నచ్చింది.

ఐదు ట్రాక్టర్లు పెట్టారు. మరమ్మతుకు ఎంతకూ కదలని సంఘం, మరమ్మతు తప్పించుకోవడానికి నాలుగు రోజుల్లో కదిలింది. పోలినాయుడు గోచీ బిగించి కూలీల మధ్య నిలబడి ఇసక ప్రతి గంపనూ తనే పరిపించాడు. ఇసక నీటిని పోనిస్తుంది, మట్టిని పట్టేస్తుంది. పిక్కరాయి ఇసకను పట్టుకుంటుంది. పెద్ద రాయి బరువేసి అన్నింటినీ అణిచి కూర్చుంటుంది. ఇవన్నీ ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం ఎర్రయ్యమ్మ గంజి తెచ్చి, మొగుడి ఒళ్లంతా ఇసకైపోవడం చూసి నవ్వింది.

"ఏటి మావా, ఈ వొయిసులో ఇసకలాటలేటి?"

"కట్టని పొట్టిది సేస్తన్నామే."

"ఎందుకంట?"

"ఎందుకో ఆళ్లకొకటి తెలుసు. నాకొకటి తెలుసు."

ఐదో రోజున రాళ్ల సందుల్లోంచి నీరు చిన్నగా జారింది. పోలినాయుడు వంగి దోసిట పట్టాడు. అరచేతి గీతలు కనబడ్డాయి. అతను అక్కడే కూలబడి, ఎవరూ చూడకుండా పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇరవయ్యో నాడు కొలత బృందం మళ్లీ వచ్చింది. కొలబద్ద అదే చోట నిలబెట్టారు. నాలుగు మీటర్ల ఇరవై.

"పోయిన నెల ఐదు పన్నెండు. ఈ నెల నాలుగు ఇరవై. తొంభై రెండు సెంటీమీటర్ల వ్యత్యాసం. సంజాయిషీ?" అన్నారు పద్మనాభమూర్తిగారు.

"వానాకాలం కదండీ. నేల ఉబ్బింది" అన్నారు మృత్యుంజయరావుగారు తొణక్కుండా.

డీఈగారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగువ అంచుకు దిగారు. గడ్డి తొలగించి, మట్టి కింద వేళ్లు పెట్టి రాయిని తడిమి, దాని కింద పిక్కను తడిమి, చేతికంటిన ఇసకను చూపుడు వేలితో నలిపి చూశారు. కారే నీటిని దోసిట పట్టారు. పక్కనున్న పోలినాయుడికి మాత్రమే వినబడేట్టు అడిగారు.

"పొరలు ఎవరు చెప్పారు?"

"తోటపనండి" అన్నాడు పోలినాయుడు నేలచూపులు చూస్తూ.

"ముప్ఫై ఏళ్లలో ఇంత మంచి తోటపని చూళ్లేదు." పైకి లేచి, చేతులు దులుపుకుని, అందరూ వినేట్టు గొంతు సవరించుకున్నారు. "ప్రస్తుత నిర్మాణం ఐదు మీటర్లకు లోబడినందున ఇది ఆనకట్ట కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. నేల ఉబ్బుట అను ప్రకృతి వైపరీత్యమును గమనించడమైనది. ఫైలు ముగించడమైనది."

కార్యదర్శిగారు మిఠాయిలు పంచారు.

ఆశ్వయుజంలో వాయుగుండం పట్టింది. రెండు పగళ్లు ఎడతెరిపి లేకుండా కురిసింది. చింతగెడ్డ కొండమీంచి ఎర్రగా దూకింది. రెండో మధ్యాహ్నానికి నీరు బెంచీలకు మూరెడు దిగువకు వచ్చింది. పోలినాయుడు ముందుగా ఎర్రయ్యమ్మకు చెప్పి, బడిపిల్లల్నీ ముసలివాళ్లనూ గుట్ట మీది కలప కోసే సామిల్లు షెడ్డుకు ఎక్కించాడు. తను కట్ట మీదికి పరిగెత్తాడు. చూస్తే నీళ్లు పొర్లిపోవలసిన అలుగుకు అడ్డంగా ఇనప వల! రంగు చేపలు దిగువకు పోకుండా సంఘం వారు కట్టించినది. చెత్తంతా దానికి పట్టి అలుగు గోడలా మూసుకుపోయింది. అతను నడుముకు తాడు కట్టుకుని, తాడు రెండో కొసను ఒక దాతగారి బెంచీకి బిగించి, నీళ్లలో దిగి గొడ్డలితో వల తెగ్గొట్టాడు. చెత్త, చేపలు, మెడలేని హంస ఒకటి, అన్నీ కలిసి అలుగు మీంచి దూకిపోయాయి. నీరు జానెడు దిగింది. సాయంత్రానికి మూరెడు దిగింది.

కట్ట నిలిచింది. గెడ్డవాడలో రెండు పాకలు కూలాయి గానీ మనిషికి గోరు ఊడలేదు.

వారం తర్వాత పోలినాయుడికి సంఘం నుంచి కాగితం వచ్చింది. 'అనుమతి లేకుండా వల ధ్వంసము చేసి పదకొండు వందల రంగు చేపలను విడుదల చేసినందులకున్ను, ప్రభుత్వ ధ్రువీకరణ ప్రకారము ఇచ్చట ఆనకట్ట లేనందున ఆనకట్ట కాపలాదారు అవసరము లేకపోయినందులకున్ను తమరి సేవలు ముగించడమైనది.'

"సేపలు వొదిలేసినందుకా, ఊరు నిలబెట్టినందుకా?" అంది ఎర్రయ్యమ్మ.

"ఊరు సంగతి కాయితంలో నేదే" అన్నాడు పోలినాయుడు, కాగితాన్ని మరోసారి కూడబలుక్కుంటూ చదివి.

ఇంతలో జిల్లాలో పెద్ద కదలిక వచ్చింది. ప్రమాదకరమైన ఒక ఆనకట్ట నెల తిరక్కుండా ఆనకట్ట కాకుండా పోయిందని, పైగా వాయుగుండానికి తట్టుకుందని తెలిసి పైఅధికారులు పరవశించారు. దానికి 'హంసధార నమూనా' అని పేరు పెట్టి, జిల్లాలోని ఇరవై ఏడు ప్రైవేటు కట్టలనూ తొంభై రోజుల్లో ఐదు మీటర్లకు దించాలని ఉత్తర్వు వేశారు. సదస్సు జరిపి మృత్యుంజయరావుగారికి శాలువా కప్పారు. ఆయన 'నేల ఉబ్బు: నా అనుభవాలు' అన్న అంశం మీద గంటసేపు మాట్లాడారు.

కట్టలన్నీ పొట్టివైపోయాయి. కొందరు మట్టి పోశారు. కొందరు పడగొట్టిన ఇళ్ల శిథిలాలు, ఒకాయన కోళ్లఫారం చెత్త పోశాడు. జీడితోట ఆసామి భూషణంగారు మాత్రం కట్ట పొడవునా పోయడం దండగని, కొలబద్ద నిలబెట్టే చోట నాలుగడుగుల సిమెంటు అరుగు కట్టించారు. బృందం అరుగెక్కి కొలిచింది. అదీ ఆనకట్ట కాదని తేలింది.

జిల్లా 'ఆనకట్ట రహిత జిల్లా' అయింది. ఆనకట్టలే లేని చోట పర్యవేక్షణ విభాగం ఎందుకని దాన్ని ఎత్తేశారు. పద్మనాభమూర్తిగారిని స్టేషనరీ గిడ్డంగికి మార్చారు.

పోలినాయుడు మాత్రం రోజూ కట్టకు వెళ్తూనే ఉన్నాడు. పైకి రానివ్వరు, గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ మనిషి ఉన్నాడు. కానీ పోసిన రాయీ మట్టీ కంచె దాటి ఊరి పోరంబోకులోకి జారాయి. అక్కడ నిలబడితే ఎవరూ ఏమీ అనలేరు.

మాఘమాసంలో ఒక ఆదివారం అతను అక్కడ గడ్డి పీకుతుంటే పాత స్కూటరొకటి వచ్చి ఆగింది. మంకీ టోపీలో ఉన్న మనిషిని పోలినాయుడు వెంటనే పోల్చలేకపోయాడు.

"ఎలా ఉంది?" అన్నారు పద్మనాభమూర్తిగారు.

"బాగుందండి. తమరేటి ఇలగొచ్చేరు?"

"అధికారికంగా రాలేదు. చూడ్డానికి అధికారికంగా ఇక్కడేమీ లేదు." ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. దాని మీద ఇరవై ఏడు పేర్లున్నాయి. కొన్నింటి పక్కన పెన్సిలుతో టిక్కులున్నాయి. "ఆదివారాలు ఖాళీయే కదా అని తిరుగుతున్నాను. చాలావరకు ఫర్వాలేదు. భూషణం జీడితోట దగ్గర మాత్రం మడ్డినీరు కారుతోంది. దాని కింద రెండు ఊళ్లున్నాయి."

పోలినాయుడు చేతిలో గడ్డి పారేశాడు. "ఆయనికి సెప్పేరా?"

"చెప్పాను. ఆనకట్టే కానప్పుడు ఊట ఎక్కడిదన్నాడు. ధ్రువీకరణ పత్రం చూపించాడు. దాని మీద నా సంతకమే ఉంది."

పోలినాయుడు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "ఆయనికి ఊటంటే బెదురు నేదు. రూలంటే బెదురు కదండీ. అరుగొకసోట కడితే సెల్లదు, కట్ట పొడుగూతా ఉండాల, ఫలానా ఫలానా పొరల్తో ఉండాల అని కొత్త రూలొచ్చిందంటే?"

"అలాంటి రూలు లేదు."

"నేదని ఆయనికి తెలుసాండి?"

పద్మనాభమూర్తిగారు ముప్ఫై ఏళ్ల సర్వీసులో లేని రూలు ఒక్కటి కూడా అమలు చేయలేదు. ఉన్న రూళ్లు మాత్రం చాలా అమలు చేశారు, దాంతో ఏం జరిగిందో ఆయనకు తెలుసు. మంకీ టోపీ సరిచేసుకుని స్కూటరును రెండుసార్లు తన్నారు. మూడోసారికి అందుకుంది.

"ఎక్కు" అన్నారు.

గతుకుల దారిన స్కూటరు జీడితోట వైపు సాగింది. వెనక కూర్చున్న పోలినాయుడు కొంతదూరం పోయాక ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"బాబూ, రూలుకి నెంబరేటని అడుగుతాడేమో. ఏటి సెప్పమంతారు?"

పద్మనాభమూర్తిగారు ఒక మలుపు దాటేదాకా ఆలోచించారు.

"నూటపద్నాలుగు బై రెండు."

"బై రెండెందుకండి?"

"బై లేకపోతే ఎవరూ నమ్మరు."